ఆపరేషన్ తర్వాత మా నాయన నన్ను గుర్తుపట్టలేదు, ఎవరింట్లో అయినా ఇట్ల అయిందా?

పలమనేరు కొడుకు:
మా నాయనకు 74. బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది, తిరుపతిలో ఒక ఆస్పత్రిలో ఆపరేషన్ చేయించినాం, మత్తు వెన్నులోనే ఇచ్చినారు. మొదటి రోజు బాగానే మాట్లాడినాడు, ఇడ్లీ తిన్నాడు. రెండో రోజు పొద్దు గూకినాక మొదలైంది, ఆవును ఇంకా ఎవురూ ఇప్పలేదే అంటా దుప్పటి కొసను పలుపు ముడి ఇప్పినట్ల ఇప్పతానే ఉండాడు, గంటసేపు, ఆ వేళ్లు ఆగవు. నన్ను చూసి పాల సొసైటీ అబ్బోడనుకుని ఈ పూట ఫ్యాట్ ఎంతొచ్చింది అని అడిగినాడు. చేతికున్న సూది కూడా పీకేసుకున్నాడు. తెల్లారితే మళ్లా మామూలు మనిషే. డ్యూటీలో ఉన్నాయమ్మను అడిగితే వయసు కదా అనేసింది. మా అత్త గాలి సోకింది తాయెత్తు కట్టిద్దాం అంటాంది. నాయనకు మతి పోయినట్లేనా? చానా భయంగా ఉండాది.

ఐసీయూ నర్సు:
అన్నా భయపడొద్దు, దీన్ని డెలీరియం అంటారు. మతిమరుపు జబ్బు నెలలూ ఏళ్లూ పట్టి నిదానంగా వస్తుంది, ఇది గంటల్లో వస్తుంది, పగలు తగ్గి రాత్రి ఎక్కువవుతుంది. తుంటి ఆపరేషన్ అయిన పెద్దోళ్లలో మేం చాలాసార్లు చూస్తాం, వెన్నులో మత్తు ఇచ్చినా వస్తుంది. అట్లని వయసు కదా అని వదిలేసేది కాదు, ఎందుకొచ్చిందో వెతకల్ల. రౌండ్స్‌కు వచ్చే డాక్టర్‌తో "ఆపరేషన్ ముందు ఇట్ల లేడు, నిన్నటి నుంచే" అని ఇదే మాట చెప్పండి. సోడియం తగ్గిందా, ఆక్సిజన్, షుగర్ ఎట్లున్నాయి, మూత్రంలో ఇన్ఫెక్షనా, మూత్రం బిగిసిందా, విరేచనం కాలేదా, నొప్పి తగ్గక నిద్ర లేదా, అన్నీ చూస్తారు. నిద్రమాత్ర ఇమ్మని మీరు మాత్రం అడగొద్దు, కొన్నిటితో ఇంకా ముదురుతుంది. రోజూ మందు తాగే అలవాటుంటే దాచకుండా చెప్పండి, అది ఒక్కసారిగా ఆగినా ఇట్లే అవుతుంది, దానికి వైద్యం వేరే. కళ్లద్దాలు పెట్టినారా?

పలమనేరు కొడుకు:
అయ్యో, థియేటర్‌కు తీసకపోయేటప్పుడు తీసి ఎక్స్‌రేల సంచిలో వేసినా, అట్లే ఉండాయి. మందు అలవాటు లేదు.

చిత్తూరు అమ్మాయి:
అన్నా, ముందు అవి పెట్టు. చేతులు కట్టెయ్యనీయొద్దు, ఇంకా కొట్టుకుంటారు, ఇంట్లోవాళ్లు ఒకరు పక్కనే ఉండండి. ఆవు లేదు ఏం లేదు అని వాదించొద్దు, ఆవును ఇంట్లో అమ్మ చూసుకుంటాంది, మనం తిరుపతిలో ఆస్పత్రిలో ఉండాం అని నెమ్మదిగా చెప్పు. మా అమ్మకు బైపాస్ అయినాక దీనికి ఎదురు, అరుపుల్లేవు, పలకదు, పైకప్పు చూస్తా పడుకునేది, అలసిపోయింది పడుకోనీ అనుకున్నాం. అది కూడా ఇదేనంట. మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు, ఆ బాధ నాకిప్పటికీ పోలేదు.

పలమనేరు కొడుకు:
సోడియం తక్కువుందని తేలింది, ఎక్కిస్తా ఉండారు. మంచం కిటికీ పక్కకు మార్పించినా. అద్దాలు పెట్టి కొండను చూపిస్తే చానాసేపు చూసి దండం పెట్టుకున్నాడు, తర్వాత నాకల్లా తిరిగి "తిన్నావా నువ్వు" అన్నాడు. రాత్రి ఒక గంట మళ్లా ఆవు ఆవు అన్నాడు గానీ సూది జోలికి పోలేదు.

ఐసీయూ నర్సు:
మంచి మాట చెప్పినావన్నా. అట్ల వచ్చి పోతానే తగ్గుతుంది, కొందరికి వారాలు పడుతుంది, ఇంటికి పోయినాక కూడా రాత్రిళ్లు ఎవరో ఒకరు పక్కన పడుకోండి. మళ్లీ ఎప్పుడు ఆపరేషన్ అన్నా మత్తు డాక్టర్‌కు ఇది ముందే చెప్పల్ల, డిశ్చార్జ్ కాగితంలో రాయించుకో.