వాచ్‌మన్ గది పాపం ఆర్కిటెక్ట్‌దా, మనదా?

ఉప్పుగాలి:
విశాఖ మధురవాడలో మాది ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. వాచ్‌మన్, భార్య, ఇద్దరు పిల్లలు పాలకొండ వైపు నుంచి వచ్చారు, ఉండేది సెల్లార్‌లో మెట్ల కింద గది. గుమ్మం దగ్గర నిలబడొచ్చు, మంచం దగ్గరికి వెళ్లాలంటే వంగాలి, కిటికీ లేదు, ఉన్న ఒక్క వెంటిలేటర్ జనరేటర్ వైపు ఉంది. మొన్న ఈ బిల్డింగ్ డిజైన్ చేసినాయన పెళ్లిలో కనిపిస్తే అడిగాను. "నేను గీసింది కరెంటు మీటర్ల గదండీ, అందులో మనుషుల్ని పెట్టింది మీరు" అని నవ్వేసి భోజనాల వైపు వెళ్లిపోయాడు. అప్పట్నుంచీ మింగుడు పడట్లేదు. గీసినవాడికి ఇక సంబంధం లేనట్టేనా?

టీస్క్వేర్:
నేనూ ఆర్కిటెక్ట్‌నే, సీతమ్మధారలో చిన్న ఆఫీసు. కోప్పడకండి గానీ ఆయన మాటలో సగం నిజం. సెల్లార్‌లో బిల్డర్ చూసేది ఎన్ని కార్లు పడతాయన్నదే, గది కోసం ఒక పార్కింగ్ వదిలేద్దామంటే మర్నాటి నుంచి ఫోన్ ఎత్తడు. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం కాపాడేది ఆ పేరునే, డిజైన్ పనిని కాదని సుప్రీంకోర్టు 2020లో తేల్చేసింది. అంటే పేరు పక్కన ఆర్కిటెక్ట్ అని పెట్టుకోకపోతే రిజిస్ట్రేషన్ లేనివాళ్లూ గీయొచ్చు. నేను కాదంటే పక్క వీధిలో ఎవరో సాయంత్రానికల్లా గీసిచ్చేస్తారు.

కంచరపాలెం కుర్రాడు:
ఈ మాట లంచం తీసుకునేవాడూ అంటాడు సార్. మీ వృత్తి 1989 నియమాల్లోనే ఉంది కదా, చేసే పని సమాజం బాగుకి అడ్డు రాకూడదని. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 చూడండి, ఉన్నది ఒకటే గదైతే కనీసం 9.5 చదరపు మీటర్లు ఉండాలి, అంటే వంద అడుగుల పైమాటే, మనలాంటి ఉక్కపోత ఊళ్లలో గాలీ వెలుతురూ వచ్చే కిటికీలు నేల వైశాల్యంలో ఆరో వంతు. మీటర్ల గది అని రాసేస్తే ఈ లెక్కలేవీ అడ్డురావు, అందుకే ఆ పేరు.

పాత వాల్తేరు:
2014 అక్టోబరు 12, హుద్‌హుద్ రోజు. మా పైవాళ్లందరం అద్దాలు పగిలిపోతున్నాయని గోల. కింద సెల్లార్ నాలుగువైపులా ఖాళీ కదా, గాలి సొరంగంలోకి దూరినట్టు దూరి వాచ్‌మన్ గది తలుపు ఊడగొట్టేసింది. పిల్లల్ని చంకనేసుకుని మూడో అంతస్తు మెట్ల మీద కూర్చున్నారు, మధ్యాహ్నం దాకా మాలో ఎవ్వరం చూసుకోలేదు. ఇందులో ఆర్కిటెక్ట్ తప్పెంతో, మాదెంతో నాకు ఇప్పటికీ తెగలేదు.

ఐదో ఫ్లోర్:
ఏటండీ, అందరూ ధర్మరాజులే! గది పెంచితే మెయింటెనెన్స్ పెంచుతారా? గదే లేదంటే షిఫ్టుల సెక్యూరిటీ మనుషుల్ని పెట్టుకుంటారు, ఆ కుటుంబానికి ఊళ్లో అద్దె మిగులుతోంది, అదీ పోతుంది.

డ్రాఫ్టింగ్ బల్ల:
ఐదో ఫ్లోర్ గారి చివరి మాట కొట్టిపారేయలేను. కానీ లోపలి సంగతి ఒకటి చెబుతా, నేను పదేళ్లుగా ప్లాన్లు గీస్తున్నా. అప్రూవల్‌కి వెళ్లే షీట్‌లో అది మీటర్ల గదే. సైట్‌కి వెళ్లే షీట్‌లో మాత్రం అదే గదికి కడపరాయి గట్టు, ఒక నీళ్ల పాయింటు, గోడలో అలమరా వస్తాయి. మీటర్లకి వంటగట్టు దేనికి? ఉప్పుగాలి గారూ, ఒకసారి కిందికి వెళ్లి చూడండి.

ఉప్పుగాలి:
టేపు పట్టుకుని వెళ్లాను. తొమ్మిది అడుగులు, ఆరు అడుగులు. గట్టు ఉంది, కడపరాయే, బిల్డింగ్‌తోపాటు వేసిందేనట.

టీస్క్వేర్:
సరే, ఆయన్ని ఇక వెనకేసుకురాను. నా పాత షీట్లు తీసి చూశాను, నావాటిలోనూ రెండింట్లో గట్టు ఉంది. మీ సెల్లార్ ప్లాన్ పంపండి, కిటికీ ఎటు పెట్టొచ్చో చూస్తా, ఫీజు వద్దు. అసోసియేషన్‌ని ఒప్పించడం మాత్రం నా వల్ల కాదు.

కంచరపాలెం కుర్రాడు:
అందులో ఉండేవాళ్లని ఎవరైనా అడిగారా?

ఉప్పుగాలి:
ఇప్పుడే అడిగొచ్చాను. ఆయన ఏం మాట్లాడలేదు. ఆవిడ అంది, "కిటికీ తర్వాత చూద్దురుగాని బాబూ, డ్రైవర్లూ మేమూ ఒకటే బాత్రూం, దానికి లోపల గడియ లేదు. ముందు అది పెట్టించండి."