సమస్య: కాలిబంతి చేతఁ గట్టె నిండ్లు

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది పాదం. బంతితో ఇళ్ళెలా కడతారో మీరే చెప్పాలి.

అట్లాంటా అల్లుడు: మా ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఫాల్కన్స్‌కు ఆడిన వారిక్ డన్ మీద రాశాను. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ కుర్రాడు. 1997లో టాంపా బే జట్టులో చేరాడు. మొత్తం 12 సీజన్లు, బంతి పట్టుకుని 10,967 గజాల పరుగు.

అమ్మ కలను దీర్ప నాటలో గడియించి
యొంటి తల్లులెల్ల నూఱటిల్ల
వారికాఖ్యుఁడైన పరుగుల వీరుండు
కాలిబంతి చేతఁ గట్టె నిండ్లు

నిర్వాహకుడు: ధార బాగుంది అల్లుడుగారూ. ‘వారికాఖ్యుఁడు’ దగ్గరే నవ్వొచ్చింది. ‘వారికి + ఆఖ్యుఁడు’ అని విడదీసేవాళ్ళూ ఉంటారు. పైగా ఆ సొంతింటి కల తీరేనాటికి అమ్మ లేదన్న సంగతి పద్యంలో ఎక్కడా తగల్లేదు.

గోదారిగట్టు: ఆ లోటు నేను పూరిస్తాను. డన్ తల్లి బేటన్ రూజ్ నగరంలో పోలీసు. 1993 జనవరి 7 రాత్రి, డ్యూటీ అయ్యాక చేసే కాపలా పనిలో ఆవిడను దొంగలు కాల్చి చంపారు. పెద్దకొడుకు డన్‌కి అప్పటికి 18 నిండి రెండు రోజులు.

రక్షకభటురాలు రాతిరి కాపులో
నొరగ, నైదుగురకు నొక్కఁడండ
యైన యన్న యాట నార్జించి ధనమును
కాలిబంతి చేతఁ గట్టె నిండ్లు

నిర్వాహకుడు: ‘ఐదుగురకు నొక్కఁడండ’ దగ్గర కాసేపు ఆగిపోయాను. కానీ అయ్యా, ‘ధనమును’ ద్రుతాంతం, అంటే చివర ‘ను’ ఉంది. సరళాదేశం చేస్తే ‘కా’ కాస్తా ‘గా’ అయి, మీ కాలిబంతి కాస్తా గాలిబంతి!

గోదారిగట్టు: బంతిలో గాలి తగ్గిందని అమెరికాలో కోర్టుకెక్కారు, నాకేమో ఎక్కువైంది. ‘నార్జించి వెచ్చించి’ అంటే?

నిర్వాహకుడు: ‘వెచ్చించి’ లాంటి క్త్వార్థకం కళ, అంటే ద్రుతం ఉండదు. నిక్షేపంగా సరిపోతుంది.

ముగ్గులపీట: నాదీ ఒకటి.

పేరు కాలిదయ్యుఁ బెనఁగుట చేతితో
నట్టి యాట నెఱిఁగి, యమ్మఁ దలఁచి
పొట్టివాఁడు డన్ను పోరాడి పరుగెత్తి
కాలిబంతి చేతఁ గట్టె నిండ్లు

నిర్వాహకుడు: అమ్మా, ‘చేత’ను విభక్తిగానూ చెయ్యిగానూ పలికించారు! ఇచ్చినప్పుడు నాకే తట్టలేదు.

అట్లాంటా అల్లుడు: ఒక్క పేచీ. డన్ ఇళ్ళు కట్టడు. మొదటిసారి ఇల్లు కొనుక్కునే ఒంటరి తల్లిదండ్రులకు డౌన్ పేమెంట్‌లో సాయం చేసి, లోపల సామాను అమర్చిపెడతాడు. ఆడిన మొదటి ఏడాదే మొదలుపెట్టాడు.

ముగ్గులపీట: అయితే పాలు పొంగించే గిన్నె కూడా ముందే ఉంటుందన్నమాట. నా మూడో పాదం మళ్ళీ చూసుకుంటా, ఆ గిన్నె ఎక్కడైనా పడుతుందేమో.