పదో తరగతి తరువాత చెల్లెలిని పాలిటెక్నిక్‌లో చేర్చవచ్చునా?

ప్రశ్న (ఒక అన్నయ్య, గుంటూరు జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. మా చెల్లెలు పదో తరగతిలో మంచి మార్కులతో ఉత్తీర్ణురాలైంది. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష అయిన పాలీసెట్ కూడా రాసింది, ర్యాంకు బాగానే వచ్చింది. ఇంటర్మీడియట్‌కు వెళ్ళకుండా ఎలక్ట్రికల్ బ్రాంచిలో డిప్లొమా చేస్తానని పట్టుబడుతోంది. ఇంట్లో ఫ్యాను తిరగకపోతే కండెన్సర్ పోయిందో, వైండింగ్ కాలిందో చూసి చెప్పేది తానే కనుక ఆ కోరిక నాకు వింతగా తోచలేదు. మా మేనమామగారు మాత్రం మార్కులు తక్కువ వచ్చినవాళ్ళే డిప్లొమాకు వెళ్తారనీ, ఎంపీసీలో చేర్పిస్తే తిన్నగా ఇంజినీరింగుకు పోతుందనీ, ఆడపిల్లకు వర్క్‌షాపు చదువు దేనికనీ అంటున్నారు. నాన్నగారిది కౌలు వ్యవసాయం కనుక ఒక చోట చేర్పించి, మరుసటి ఏడాది మాన్పించి, ఇంకొక చోట చేర్పించే స్తోమత మాకు లేదు. ఏ దారిలో ఏ అవకాశం చేజారుతుందో తెలిసినవారు వివరించగలరని కోరుతున్నాను.

సమాధానం (పాలిటెక్నిక్ విశ్రాంత అధ్యాపకుడు)

మీ మేనమామగారి అభిప్రాయం గాలిలోంచి పుట్టినది కాదు. ప్రైవేటు పాలిటెక్నిక్‌లలో సీట్లు మిగిలిపోవడం, పాలీసెట్‌లో గట్టెక్కిన ప్రతివారికీ ఎక్కడో ఒక చోట సీటు దొరకడం అందరూ చూస్తున్నదే. అయితే ఊరికి దగ్గరలోని మంచి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో కోరుకున్న బ్రాంచి దొరకడం వేరే సంగతి, అక్కడికి చేరే పిల్లలూ వేరు. మార్కులు రానివారి చదువు అన్న మాట మీ చెల్లెలి విషయంలో పొసగదు.

తిన్నగా ఇంజినీరింగు అన్న మాటను కూడా ఒకసారి లెక్క వేసి చూడండి. ఇంటర్మీడియట్ రెండేళ్ళు, బీటెక్ నాలుగేళ్ళు, మొత్తం ఆరేళ్ళు. డిప్లొమా మూడేళ్ళు, ఆ తరువాత డిప్లొమా చదివినవారి ప్రవేశ పరీక్ష అయిన ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరితే మరో మూడేళ్ళు, ఇదీ ఆరేళ్ళే. కాలంలో తేడా లేదు గానీ మధ్యలో చదువు ఆపవలసి వస్తే తేడా పెద్దదే. డిప్లొమా పూర్తయిన అమ్మాయి చేతిలో ఉద్యోగానికి పనికివచ్చే సాంకేతిక అర్హత ఉంటుంది. ఇంటర్ మాత్రమే చదివి ఆగిపోయినవారికి ఆ పత్రం ఒక్కటే పెట్టుకుని సాంకేతిక ఉద్యోగం దొరకడం కష్టం. మీ కుటుంబ పరిస్థితి చదివాక నాకు ముందుగా తట్టిన విషయం ఇదే.

ఇక చేజారే అవకాశాల మాట. వైద్యవిద్య ఉండదు, ఎందుకంటే నీట్ రాయడానికి ఇంటర్ స్థాయిలో జీవశాస్త్రం చదివి ఉండాలి. ఉపాధ్యాయ శిక్షణ కోసం డీఎడ్‌లో చేరాలన్నా, సైన్యంలో అధికారి కావాలని ఎన్‌డీఏ పరీక్ష రాయాలన్నా ఇంటర్ కావాలి. వాయుసేన అగ్నివీర్ నియామకాలకైతే మూడేళ్ళ ఇంజినీరింగు డిప్లొమాను కూడా అంగీకరిస్తారు. ఐఐటీల ప్రవేశ పరీక్షను మనసులో పెట్టుకుంటే డిప్లొమా పాఠ్యాంశాలు అందుకు ఏమాత్రం సహకరించవు కనుక ఆ కోరిక ఉన్న పిల్లలకు ఎంపీసీయే దారి. ఈ కోరికల్లో ఏదైనా మీ చెల్లెలి మనసులో ఉందేమో మేనమామగారి ఎదుట కాక, ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి.

ఆడపిల్లకు వర్క్‌షాపు దేనికన్న ప్రశ్నకు నేను ఒక్క మాటే చెబుతాను. మొదటి సంవత్సరంలో పిల్లల చేత చెక్క పలక మీద మెట్ల దీపం వైరింగు చేయిస్తాము, అంటే కింద ఒక స్విచ్చి, పైన ఒక స్విచ్చి, రెండింటిలో దేనితోనైనా దీపం వెలగాలి, ఆరాలి. టూ వే స్విచ్చి మధ్య టెర్మినల్‌కు ఏ తీగ వెళ్ళాలో ముందు కాగితం మీద గీసుకుని, ఆ తరువాతే స్క్రూడ్రైవర్ పట్టే ఓపిక చాలామంది అబ్బాయిల కంటే అమ్మాయిలలోనే నాకు ఎక్కువగా కనిపించింది. పైగా ప్రతి వర్గంలోనూ మూడో వంతు సీట్లు బాలికలకే కేటాయిస్తారు కనుక ర్యాంకు పరంగా కూడా ఆమెకు అనుకూలమే.

సమాధానం (ఈసెట్ ద్వారా బీటెక్ చేసిన ఒక ఇంజినీరు)

నేను మీ చెల్లెలి దారిలోనే వచ్చినదానిని కనుక పై సమాధానంలో రాని విషయం ఒకటి చేర్చాలనుకుంటున్నాను. ఈసెట్ మూడు గంటల పరీక్ష, మొత్తం 200 ప్రశ్నలు. వాటిలో 100 బ్రాంచికి సంబంధించినవి, 50 గణితం, 25 భౌతికశాస్త్రం, 25 రసాయనశాస్త్రం. డిప్లొమాలో ఈ భౌతిక, రసాయన శాస్త్రాలు ప్రధానంగా మొదటి ఏడాదితోనే ముగిసిపోతాయి, పరీక్ష రాసేది మూడో ఏడాది చివర. ఆ పుస్తకాలు అమ్మేసుకున్నవారు తరువాత కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరుగుతుంటారు. మీ చెల్లెలు మొదటి ఏడాది నోట్సును మాత్రం జాగ్రత్తగా దాచుకోవాలి.

అసలు ఇబ్బంది సీటు వచ్చాక మొదలవుతుంది. రెండో సంవత్సరంలో మనం అడుగుపెట్టేసరికి తోటివారు ఇంటర్‌లో రెండేళ్ళు, బీటెక్ మొదటి ఏడాదిలో మరికొంత గణితం చదివి ఉంటారు. ఎలక్ట్రికల్ వారికి విద్యుదయస్కాంత క్షేత్రాల సబ్జెక్టులో వెక్టర్ కాలిక్యులస్ అనే గణిత భాగం తెలిసినట్లుగానే పాఠం నడుస్తుంది, మన కోసం ఎవరూ ఆగరు. చేరే ముందు దొరికే సెలవుల్లో ఆ ఒక్క భాగమూ చదువుకున్నవారు నిలదొక్కుకుంటారు, చదవనివారికి మొదటి సెమిస్టర్‌లోనే బ్యాక్‌లాగులు (తప్పిన సబ్జెక్టులు) పడతాయి. ల్యాబులో మాత్రం కథ తిరగబడుతుంది. డీసీ షంట్ మోటారుకు త్రీ పాయింట్ స్టార్టర్ (మోటారును నడపడం మొదలుపెట్టే పరికరం) కలపమన్నప్పుడు ఇంటర్ నుంచి వచ్చిన తోటివారు పుస్తకం తెరిచి చూస్తుండగానే మేము కనెక్షన్ పూర్తి చేసి, ఫీల్డ్ రెసిస్టెన్స్ తగ్గించి ఉంచామో లేదో సరిచూసుకుని, సంతకం కోసం నిలబడేవాళ్ళము.

సమాధానం (జూనియర్ కళాశాల అధ్యాపకురాలు)

అందరూ డిప్లొమా వైపే మాట్లాడుతున్నారు కనుక రెండో పక్షం కూడా వినిపించనివ్వండి. 15 ఏళ్ళ వయసులో ఒక బ్రాంచికి కట్టుబడడం చిన్న విషయం కాదు. ఈసెట్‌లో సాధారణంగా తన బ్రాంచికి సంబంధించిన కోర్సులనే ఎంచుకోవలసి వస్తుంది, ఆ సీట్లు కూడా మొదటి సంవత్సరం సీట్లతో పోలిస్తే బహు తక్కువ. ఎంపీసీ చదివిన అమ్మాయి 17 ఏళ్ళకు ఇంజినీరింగులో ఏ బ్రాంచికైనా, బీఎస్సీకైనా, ఆర్కిటెక్చర్‌కైనా వెళ్ళవచ్చు. ఫ్యాను బాగుచేయడం మీద ఇష్టమూ, మూడేళ్ళపాటు ట్రాన్స్‌ఫార్మర్ల లెక్కలు చేయడం మీద ఇష్టమూ ఒకటి కావు. పక్క ఊళ్ళో డిప్లొమా రెండో ఏడాది చదువుతున్న అమ్మాయి ఎవరైనా ఉంటే ఆమె పుస్తకాలూ, రికార్డులూ, డ్రాయింగు షీట్లూ మీ చెల్లెలికి ఒక పూట చూపించండి. చూశాక కూడా ఆమె మాట మారకపోతే నేను అభ్యంతరం చెప్పను.

మీరు ప్రస్తావించని మూడో దారి కూడా ఉన్నది. రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం కింద నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీలలో పదో తరగతి మార్కుల ఆధారంగానే ఆరేళ్ళ కోర్సులో చేర్చుకుంటారు. మొదటి రెండేళ్ళు ఇంటర్‌తో సమానమైన పీయూసీ, తరువాతి నాలుగేళ్ళు బీటెక్, చదువంతా హాస్టల్‌లోనే. ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవారికి ఎంపికలో అదనపు వెయిటేజీ ఉంటుంది. గడువు దాటకపోతే ఆ దరఖాస్తు కూడా పెట్టి ఉంచడం మంచిది.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ కృతజ్ఞతలు. మా వీధిలోనే డిప్లొమా చదువుతున్న అమ్మాయి ఉన్నది, వారింటికి పంపించాను. మూడు గంటలు కూర్చుని వచ్చి, ఇంకా గట్టిగా అదే కావాలంటోంది. ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు పెడతాము గానీ ఆమె మనసు అక్కడ లేదు. డిప్లొమా కాగానే ఉద్యోగం చేస్తాననీ, బీటెక్ సంగతి అప్పుడు చూద్దామనీ అంటోంది. ఆ ఉద్యోగాలు ఏ తరహావి? మా మండలంలోని ఒక ప్రైవేటు పాలిటెక్నిక్ తరఫున ఒకాయన రెండుసార్లు ఇంటికి వచ్చి, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇస్తే ఫీజు సంగతి తాము చూసుకుంటామంటున్నారు. ఏమి చేయమంటారు?

సమాధానం (పాలిటెక్నిక్ విశ్రాంత అధ్యాపకుడు)

సర్టిఫికెట్లు ఇవ్వవద్దు. టీసీ, పదో తరగతి మార్కుల పత్రం ఒకసారి ఎవరి బీరువాలోకైనా వెళ్ళాక తిరిగి తెచ్చుకోవడానికి మీరు ఎన్నిసార్లు తిరగాలో చెప్పలేము. కౌన్సెలింగ్‌లో సీటు కేటాయించాక, ఆ కళాశాలలో మాత్రమే వాటిని ఇవ్వవలసి ఉంటుంది. ఆలోగా 4 నుంచి 10వ తరగతి వరకు స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు సిద్ధం చేసుకోండి. ఆదాయ పత్రం ఇంకొక పనికి కూడా వస్తుంది. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) వారి ప్రగతి ఉపకార వేతనం డిప్లొమా చదివే బాలికలకు ఏడాదికి 50,000 రూపాయలు ఇస్తుంది. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల రూపాయలు మించకూడదు, ఒక కుటుంబంలో ఇద్దరు బాలికల వరకు అర్హులు. ఎంపిక మార్కుల మీద జరుగుతుంది కనుక తప్పక వస్తుందని చెప్పలేను గానీ మీ చెల్లెలి మార్కులకు దరఖాస్తు పెట్టకపోవడం అన్యాయం.

ఉద్యోగాల విషయంలో ఆశను కొంచెం అదుపులో పెట్టుకోవాలి. డిప్లొమా కాగానే ప్రైవేటు పరిశ్రమల్లో దొరికేది ఎక్కువగా ట్రైనీ ఉద్యోగం, తొలి జీతం చిన్నదే, షిఫ్టులు కూడా ఉండవచ్చు. దానికంటే, 1961 నాటి అప్రెంటిసుల చట్టం కింద పెద్ద ప్రభుత్వరంగ సంస్థలో ఏడాది అప్రెంటిస్‌గా చేరి, స్టైపెండ్ తీసుకుంటూ, పోటీ పరీక్షలకు చదువుకోవడం మేలని నా అభిప్రాయం. ఎలక్ట్రికల్ డిప్లొమాతో రైల్వేలో జూనియర్ ఇంజినీరు, అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్షలూ, స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ వారి జూనియర్ ఇంజినీరు పరీక్షా రాయవచ్చు. ఇస్రోలో టెక్నికల్ అసిస్టెంట్ పోస్టుకు ప్రథమ శ్రేణి డిప్లొమా అడుగుతారు. విద్యుత్ ప్రసార లైన్లు నడిపే ప్రభుత్వరంగ సంస్థ పవర్‌గ్రిడ్‌లో డిప్లొమా ట్రైనీ పోస్టులకు జనరల్ అభ్యర్థుల నుంచి 70 శాతం మార్కులు కోరుతారు, పైగా బీటెక్ పూర్తి చేసినవారిని వాటికి తీసుకోరు. అంటే ఈసెట్ దారి పట్టాక కొన్ని ఉద్యోగాలు దూరమవుతాయన్నమాట. ఆ నిర్ణయం మూడో ఏడాదిలో తీసుకోవచ్చు. కానీ 70 శాతం దాటడానికి మొదటి ఏడాది నుంచే చదవాలి, హాజరు 75 శాతానికి తగ్గకూడదు.

కౌన్సెలింగ్‌లో కావలసిన కళాశాలలనూ, బ్రాంచీలనూ ఆన్‌లైన్‌లో వరుసగా ఎంచుకునే వెబ్ ఆప్షన్ల దగ్గర ఎక్కువమంది పొరపడతారు. ర్యాంకుకు ఏది వస్తుందో ఊహించి ఆ కళాశాలను పైన పెడతారు. అలా చేయనక్కరలేదు, ఎందుకంటే మొదటి ఆప్షన్ దొరకకపోతే కంప్యూటర్ తనంతట తానే రెండోదానికి వెళ్తుంది. నిజంగా కావలసినది పైన, సర్దుకోగలిగినది కింద, ఎట్టి పరిస్థితిలోనూ వద్దనుకున్నది అసలు పెట్టకూడదు. నల్లపాడులోని ఎంబీటీఎస్ ప్రభుత్వ పాలిటెక్నిక్, విజయవాడ ప్రభుత్వ పాలిటెక్నిక్, హాస్టల్‌కు సిద్ధపడితే కాకినాడ ఆంధ్రా పాలిటెక్నిక్ వంటివి మీరు పరిశీలించవచ్చు. గుంటూరులో మహిళా పాలిటెక్నిక్ కూడా ఉన్నది గానీ మహిళా పాలిటెక్నిక్‌లన్నింటిలోనూ అన్ని బ్రాంచీలూ ఉండవు కనుక ఆ ఏడాది సీట్ల పట్టికలో ఎలక్ట్రికల్ ఉన్నదో లేదో చూసుకున్నాకే ఆప్షన్ పెట్టండి. ఆప్షన్లు ఫ్రీజ్ (ఖరారు) చేసే ముందు ఆ జాబితాను ప్రింటు తీయించి, ఇంట్లో అందరి ముందూ మీ చెల్లెలి చేతనే చదివించండి. సీటు వచ్చాక గడువులోగా ఫీజు కట్టి, కళాశాలలో రిపోర్టు చేయకపోతే ఆ సీటు రద్దవుతుంది, కనుక ఆ వారం రోజులు వేరే ఊరి ప్రయాణాలేవీ పెట్టుకోకండి.