స్పైరలైజర్ కొనాల్నా, జూలియెన్ పీలర్ సరిపోతదా? మన దగ్గర దొరికే కూరగాయలకు ఏది నయం?

హన్మకొండ_వంటిల్లు

అందరికీ నమస్కారం. ఇంట్ల నలుగురం, అత్తమ్మకు షుగర్. రాత్రిపూట అన్నం, చపాతీ తగ్గించి వారంల మూడు రోజులు కూరగాయలనే సన్నగ పోగులు తీసి నూడుల్స్ తీరుగ వండాలని అనుకుంటున్న. దానికి స్పైరలైజర్ (కాయను తిప్పి పొడుగు పోగులు తీసే మిషన్) కొనాల్నా వద్దా తేలుతలేదు.

ఆన్‌లైన్‌ల మూడు రకాలు కనిపిస్తున్నయి: చేతిల పట్టుకొని తిప్పేది, గట్టు మీద పెట్టి హ్యాండిల్ తిప్పేది, కరెంటుది. వీడియోలల్ల అందరూ జుకినీతోనే (కీర తీరుగ ఉండే విదేశీ కాయ) చేసి చూపిస్తున్నరు. మనకు కుమార్‌పల్లి మార్కెట్‌ల అయినా, లక్ష్మీపురంల అయినా రోజూ దొరికేది సొరకాయ, క్యారెట్, బీట్‌రూట్, ముల్లంగి, కీర, ఆలుగడ్డ. వీటికి పని చేస్తదా? ఇంకోటి, మా వంటింటి గట్టు షాబాద్ బండది, అంత నునుపు ఉండదు. మిషన్ కింద రబ్బరు కప్పులు దానికి అంటుకుంటయా? తురుము పీట, మామూలు పీలర్, మిక్సీ ఇంట్ల ఉన్నయి.

కత్తిపీట

మిషన్‌ కన్నా ముందు కాయను చూడాలండి. లోపల గుల్ల, ముదిరిన గింజ లేకుండా, గట్టిగా, తిన్నగా ఉన్న కాయే స్పైరలైజర్‌కు పనికొస్తుంది. మందం కనీసం 4 సెంటీమీటర్లు, ముక్క పొడవు కనీసం 5 సెంటీమీటర్లు ఉంటేనే మిషన్‌లో కాయను గుచ్చి తిప్పే పళ్ల చక్రం దాన్ని సరిగ్గా పట్టుకుంటుంది.

మీరు చెప్పినవాటిలో ముల్లంగి అన్నిటికన్నా బాగా వస్తుంది. జపాన్‌లో ముల్లంగిని సన్నని పోగులుగా తీసి పచ్చి చేప ముక్కల పక్కన పెడతారు. హ్యాండిల్ తిప్పే మిషన్లు అక్కడ ఆ పనికి ఎప్పటి నుంచో వాడుకలో ఉన్నాయి. వాళ్ల ముల్లంగి చాలా లావు, మనది సన్నం, కాబట్టి లావువి ఏరి తెచ్చుకోవాలి. చేత్తో ఎత్తితే బరువు తెలియాలి. తేలిగ్గా ఉందంటే లోపల బెండుబారింది, తిప్పగానే తునకలవుతుంది.

బీట్‌రూట్ కూడా బాగా వస్తుంది. మీ పిడికిలంత సైజువి తీసుకోండి.

క్యారెట్ దగ్గరే చాలామంది నిరాశపడతారు. మార్కెట్‌లో ఎక్కువగా దొరికేవి తొడిమ దగ్గర కూడా 3 సెంటీమీటర్లు దాటవు. పళ్లు గుచ్చగానే నిలువునా చీలిపోతాయి. గట్టు మీది మిషన్‌కు మధ్యలో చిన్న గొట్టం ఉంటుంది, కాయ నడిమి భాగం అందులోకి పోతుంది. సన్నటి క్యారెట్‌లో ఆ నడిమి భాగం పోయాక మిగిలేది పొట్టి తునకలే. చలికాలంలో వచ్చే ఎర్ర క్యారెట్‌కు నడుమ గట్టిగా, పీచుగా ఉంటుంది కాబట్టి అది గొట్టంలోకి పోవడం మేలే, కాకపోతే లావుగా ఉన్నవి దొరకాలి.

సొరకాయ మీకు ముఖ్యం కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. గుండ్రటి రకం అస్సలు తేకండి. పొడుగు రకంలో, గోరు గుచ్చితే సులభంగా దిగేంత లేతది కావాలి. అలాంటి కాయలో గింజ ఇంకా మెత్తగానే ఉంటుంది కాబట్టి దాదాపు మొత్తం పోగులు తీయొచ్చు. కొంచెం ముదిరితే తొడిమ వైపు మూడో వంతే పనికొస్తుంది. గింజ పట్టిన చోట బ్లేడు తగలగానే గుజ్జు జారి పోగు తెగిపోతుంది. ఆ భాగం పప్పులోకో దప్పళంలోకో పక్కన పెట్టండి.

కీర పచ్చిగా తినడానికి మాత్రమే. పొయ్యి మీద పెడితే నీళ్లే మిగులుతాయి. ఆలుగడ్డ ఈ మిషన్ మీద చక్కగా తిరుగుతుంది, కానీ మీ అవసరానికి అది కాదు.

బీరకాయ, పొట్లకాయ, దోసకాయ, వంకాయ, దొండకాయ ఏ రకం మిషన్‌ మీదా రావు. దోసలో, పొట్లలో గుల్ల, వంకాయ మెత్తన, బీర నడుమ స్పాంజి, దొండ చిన్నది. ప్యాకెట్ మీద బొమ్మలు చూసి మోసపోవద్దు.

కాజీపేట_పొయ్యి

అక్కా, పైన అన్న కాయల గురించి చెప్పింది కరెక్టే. నేనైతే ముందు జూలియెన్ పీలరే కొనుమంట. మామూలు పీలర్ లెక్కనే ఉంటది, బ్లేడుకు పళ్లుంటయి. నూట యాభై, రెండు వందలల్ల స్టీలుదే వస్తది, డ్రాయర్‌ల పడి ఉంటది. సన్న క్యారెట్, వంకర ముల్లంగి, ముదురు సొరకాయ, అన్నిటికీ నడుస్తది, ఎందుకంటే దానికి మందంతోటి పని లేదు, పొడుగు ఉంటే చాలు.

కాయ చెక్కు తీసి పలక మీద అడ్డంగ పెట్టాలె. తొడిమ వైపు ఫోర్కు గుచ్చి దానితోని పట్టుకోవాలె, వేళ్లతోని కాదు. పీలర్‌ను మీ దిక్కు కాకుండ అవతలికి గుంజాలె. ఒక పక్క మూడు నాలుగు సార్లు గుంజినంక కాయను పావు వంతు తిప్పాలె. గింజ కనిపించంగనే ఆపాలె. 2, 3 మిల్లీమీటర్ల పోగులు కాయ పొడుగంత వస్తయి. చుట్టలు చుట్టలుగ రావు, తిన్నగ వస్తయి. తినేటోళ్లకు దానితోని తేడా ఏం లేదు, కలుపుకోవడానికి ఇంకా అల్కగ ఉంటది. పోగులు తీసేటప్పుడు ఒకదానికొకటి అంటుకొని వస్తే బ్లేడు పళ్ల సందుల పీచు ఇరికిందని అర్థం, పాత టూత్ బ్రష్‌తోని గీకితే పోతది.

చేతిల పట్టుకొని తిప్పే చిన్న స్పైరలైజర్ మాత్రం నలుగురికి వద్దు. పెన్సిల్ చెక్కే షార్ప్‌నర్ లెక్క కాయను లోపలికి దోస్తూ తిప్పాలె. ఒక్క మనిషికి సలాడ్ అంటే సరే. కిలో సొరకాయ తిప్పేసరికి మణికట్టు గుంజుతది, చివరికి మొన లెక్క ముక్క మిగులుతది, ఆ మొన దగ్గరనే వేళ్లు తెగుతయి. లావు కాయ దాంట్ల పట్టనే పట్టదు, నిలువునా చీరి పెట్టాలె, చీరితే పొడుగు పోగు రాదు.

ఇంకో మాట. సర్వపిండిల సొరకాయ వేస్తరు కదా, దానికి స్పైరలైజర్ పోగులు వాడకండి. పొడుగు పోగులు పిండిని పట్టుకోనియ్యయి, గిన్నెకు ఒత్తేటప్పుడు పిండి పగులుతది. దానికి తురుమే కావాలె. క్యారెట్ హల్వా, మామిడికాయ తొక్కు, కొబ్బరి, ఇవన్నీ తురుము పీట పనులే. అంటే స్పైరలైజర్ కొన్నా ఇంట్ల ఉన్న సామాను ఒక్కటి కూడ తగ్గదు, ఇంకోటి పెరుగుతది. గూట్ల జాగా ఉన్నదా అని కూడ చూసుకోండి.

ఓరుగల్లు_పథ్యం

షుగర్ సంగతి చూద్దాం. కాజీపేట గారి మాటతో ఒక్క చోట విభేదిస్తాను. నలుగురు సొరకాయ పోగులతో కడుపు నింపుకోవాలంటే ఒక పూటకు కిలోన్నర కాయ పడుతుంది, ఎందుకంటే సొరకాయలో 95 శాతం దాకా నీళ్లే, వండాక సగానికి పడిపోతుంది. వారానికి మూడు సార్లు కిలోన్నర పీలర్‌తో గుంజడం పెద్ద పని. ఈ అలవాటు నిజంగా నిలబడితే గట్టు మీది మిషన్ దాని ఖరీదుకు తగ్గ పని చేస్తుంది. అయితే పీలర్‌తో నెల రోజులు సాగాక కొనడమే మంచిది.

పోగులుగా కోసినంత మాత్రాన ఏ కాయలోనూ పిండి పదార్థం తగ్గదు. వంద గ్రాములకు చూస్తే ఉడికిన గోధుమ నూడుల్స్‌లో సుమారు 25 గ్రాములు, అన్నంలో 28 గ్రాములు ఉంటుంది. సొరకాయ, ముల్లంగి, కీర 3 నుంచి 4 గ్రాములు. క్యారెట్, బీట్‌రూట్ 7 నుంచి 10. ఆలుగడ్డ 15 పైన, గెనుసుగడ్డ 20 పైన. అందుకే అత్తమ్మ గారికి సగానికి పైగా సొరకాయ, ముల్లంగి పెట్టి, రంగుకూ రుచికీ కొంచెం క్యారెట్ కలపండి. ఆవిడ షుగర్ మాత్రలో ఇన్సులినో వాడుతుంటే, రాత్రి అన్నం ఒక్కసారిగా మానేస్తే షుగర్ మరీ పడిపోయే ప్రమాదం ఉంది. ముందుగా డాక్టర్‌ను అడిగి మందు మోతాదు సరిచూసుకున్నాకే మొదలుపెట్టండి.

సొరకాయ కోసే ముందు తొడిమ వైపు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుంటే మొత్తం కాయ పారేయండి, ఉడికించినా వాడొద్దు. కుకుర్బిటాసిన్ అనే పదార్థం వల్ల ఆ చేదు వస్తుంది. వాంతులు, కడుపునొప్పి, రక్తపు విరేచనాలు, బీపీ పడిపోవడం దాకా పోతుంది. చేదు సొరకాయ రసం తాగొద్దని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నిపుణుల కమిటీ కూడా హెచ్చరించింది.

వండే పద్ధతి ఇది. పోగులను కత్తెరతో జానెడు పొడవుకు కత్తిరించండి, లేకపోతే అన్నీ ఒకే ముద్దగా చుట్టుకుంటాయి. అరకిలోకు అర టీ స్పూన్ ఉప్పు చల్లి చిల్లుల గిన్నెలో 15 నిమిషాలు ఉంచి, పల్చటి బట్టలో పిండండి. బీపీ కూడా ఉంటే ఉప్పు మానేసి, పోగులను బట్ట మీద పరిచి అద్దితే సరిపోతుంది. వెడల్పు కడాయి బాగా వేడెక్కాక రెండు టీ స్పూన్ల నూనె, ఆవాలు, దంచిన ఎల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి, పెద్ద మంట మీద రెండు మూడు నిమిషాలే కలపాలి. మూత పెట్టొద్దు. కిలోన్నర ఒకేసారి వేస్తే కడాయి చల్లబడి పోగులు వేగవు, ఊరిన నీళ్లలో ఉడికి గుజ్జవుతాయి. మూడు విడతలుగా వేయించండి. దించాక రెండు చెంచాల పల్లీల పొడి గానీ నువ్వుల పొడి గానీ చల్లితే మిగిలిన తడిని పీల్చుకుంటుంది. ఉత్త పోగులు తింటే రెండు గంటల్లో మళ్లీ ఆకలేస్తుంది, కాబట్టి ఉడికించిన శనగలు, గుడ్డు, పనీర్‌లో ఏదో ఒకటి పక్కన ఉండాలి. ముల్లంగికి ఉప్పు పట్టించి పిండితే ఘాటు కూడా తగ్గుతుంది.

హన్మకొండ_వంటిల్లు

చాలా వివరంగ చెప్పిన్రు, అందరికీ ధన్యవాదాలు. ముందు పీలర్ తెచ్చుకుంట. నెల తర్వాత గట్టు మీది మిషన్ తీసుకోవాల్సి వస్తే ఏం చూసి తీసుకోవాలె? బండ సంగతి కూడ చెప్పండి. చాలామంది రివ్యూలల్ల చుట్టలకు బదులు అర్ధచంద్రం ముక్కలు వస్తున్నయని రాసిన్రు, అది మిషన్ లోపమా?

కత్తిపీట

షాబాద్ బండకు కప్పులు నిలవవు. రాయిలో కంటికి కనిపించని గుంటల గుండా గాలి దూరి పట్టు వదిలేస్తుంది. పాలిష్ చేసిన కరీంనగర్ గ్రానైట్ అయితే తడి గుడ్డతో తుడిచి నొక్కితే చాలు. మీ గట్టు మీద తడిపి పిండిన మందపాటి గుడ్డ పరిచి, దాని మీద మిగిలిపోయిన నున్నటి ఫ్లోర్ టైల్ పెట్టండి, 2 అడుగుల ముక్క ఉంటే మంచిది. కప్పులు టైల్‌ను పట్టుకుంటాయి, గుడ్డ టైల్‌ను జారనివ్వదు. స్టీల్ పళ్లెం మీద పెడితే మిషన్ అంటుకుంటుంది కానీ పళ్లెమే జరుగుతుంది. టైల్ మీద నూనె జిడ్డు ఉన్నా పట్టు పోతుంది, సబ్బుతో కడిగి పెట్టుకోండి.

అర్ధచంద్రాలు చాలావరకు మిషన్ లోపం కాదు, కాయ నడుమకు పెట్టకపోవడం. కాయ పక్కకు జరిగితే ప్రతి చుట్టులో ఒక వైపు బ్లేడుకు తగులుతుంది, రెండో వైపు తగలదు, అందుకే సగం చుట్టే తెగి పడుతుంది. రెండు కొసలూ సమంగా, ఒకదానికొకటి సమాంతరంగా కోయాలి. 10 నుంచి 12 సెంటీమీటర్ల ముక్క చేసుకుంటే అదుపులో ఉంటుంది. మిషన్ మధ్య గొట్టాన్ని కాయ కోత మీద నొక్కితే గుండ్రటి గుర్తు పడుతుంది, ఆ గుర్తు సరిగ్గా నడుమ ఉందో లేదో చూసి అప్పుడు పళ్లు గుచ్చండి. వంకర కాయ అయితే వంకర ఉన్న చోటే రెండుగా కోయాలి. హ్యాండిల్ తిప్పే వేగం కన్నా ముందుకు తోసే ఒత్తిడి ముఖ్యం. గట్టిగా తోస్తే పోగు మందమై తెగుతుంది, తోయకపోతే పల్చగా చిరుగుతుంది. బీట్‌రూట్ తిప్పుతుంటే నడుమ రంధ్రం పెద్దదై చక్రం ఊరికే తిరుగుతుంటే, కాయను తీసి పావు వంతు తిప్పి మళ్లీ గుచ్చండి.

కొనేటప్పుడు 5 బ్లేడ్లు, 7 బ్లేడ్లు అన్న సంఖ్యను పట్టించుకోకండి. మీకు కావాల్సింది 3 మిల్లీమీటర్ల పోగు బ్లేడు, వెడల్పు రిబ్బన్ బ్లేడు. కాయను పట్టుకునే పళ్లు స్టీలువైతే బీట్‌రూట్‌కు విరగవు, ప్లాస్టిక్‌వైతే ముందు పోయేవి అవే. బ్లేడ్లు విడిగా దొరుకుతాయా అని అడగండి, ఎందుకంటే వాటిని ఇంట్లో సాన పట్టలేం. ఇవి వెయ్యికి అటూ ఇటూ ఉంటాయి. వెనక్కి ఇచ్చే గడువు ఉండగానే పెద్ద ముల్లంగితో పరీక్షించండి. దాని మీద కూడా చుట్ట సరిగ్గా రాకపోతే బ్లేడు కూర్చునే గాడి వంకరగా ఉన్నట్టు, వెంటనే మార్చుకోండి. కరెంటువి చిన్న మోటార్లు, బీట్‌రూట్‌కు ఆగిపోతాయి, మూతిలో పట్టేలా కాయను మళ్లీ చీరాల్సి వస్తుంది. వాటి జోలికి పోవద్దు.

కాజీపేట_పొయ్యి

కడిగే సంగతి ఎవరూ చెప్పలేదు, అసలు మిషన్ మూలకు పడేది దాని వల్లనే. పని అయిపోంగనే నల్లా కింద పెట్టి బ్రష్‌తోని రుద్దాలె, బ్లేడు వెనక దిక్కు నుంచి ముందుకు. ఆరితే పళ్ల సందుల పీచు సిమెంటు పట్టినట్టు పడతది. మసిలే నీళ్లు పోయొద్దు, ప్లాస్టిక్ వంగితే బ్లేడు గాడి కదులుతది. క్యారెట్ పసుపు మరక పడితే రెండు చుక్కల మంచినూనె రుద్ది అయిదు నిమిషాలు ఆగి సబ్బుతోని కడగండి, బీట్‌రూట్ మరక చల్లనీళ్లకే పోతది. మిగిలిన గడ్డలు, నడిమి ముక్కలు పారేయకండి, ముల్లంగివి, సొరకాయవి కలిపి చారుల వేస్తే సరిపోతయి.