ఇంజనీరింగ్ సీటు వదిలేసి స్పానిష్‌లో బీఏ: పంపొచ్చా, వద్దా?

మేనమామ_తిరుపతి:
మా అక్క కూతురు ఈసారి ఇంటర్ ఎంపీసీ పాసైంది. ఈఏపీసెట్ ర్యాంకు అంతంతమాత్రం. తిరుపతి చుట్టుపక్కల ఏదో ఒక కాలేజీలో సీటైతే వస్తుంది. పిల్ల మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పకుండా సీయూఈటీ (సెంట్రల్ యూనివర్సిటీల ఎంట్రన్స్) కూడా రాసింది. ఇప్పుడు హైదరాబాద్ ఇఫ్లూలో, అంటే ఇంగ్లీషు, విదేశీ భాషల సెంట్రల్ యూనివర్సిటీలో, బీఏ ఆనర్స్ స్పానిష్ సీటొచ్చిందని బాంబు పేల్చింది. బావ అన్నం మానేసినంత పని చేశాడు. "స్పానిష్ చదివి ఏం చేస్తుంది, అలిపిరిలో గైడుగా నిలబడుతుందా?" అంటాడు. అక్క అటూ చెప్పదు, ఇటూ చెప్పదు. నన్ను తేల్చమన్నారు. ఫీజు కట్టడానికి వారం కూడా లేదు. అసలు ఆ భాష ఒక్క ముక్క రాకుండా డిగ్రీలో ఎలా చేర్చుకుంటారో కూడా నాకు అర్థం కాలేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

హోసూరురోడ్డు:
చేర్చుకుంటారు. మొదటి సెమిస్టర్ ఓనమాలతోనే మొదలవుతుంది. ఢిల్లీలో జేఎన్‌యూలో కూడా అంతే. నాది పలమనేరు. ఇంజనీరింగ్ చేసి బెంగళూరు వచ్చాక సాయంత్రం క్లాసుల్లో స్పానిష్ నేర్చుకున్నా, డెలే పరీక్షలో బీ2 (ఆరు మెట్లలో నాలుగోది) పాసయ్యా. స్పెయిన్ ప్రభుత్వం తరఫున ఇన్‌స్టిట్యూటో సెర్వాంటెస్ ఇచ్చే డిప్లొమా అది, ఒకసారి వస్తే జీవితాంతం చెల్లుతుంది. ఇప్పుడు మెక్సికో వాళ్ళ అకౌంట్లు చూసే టీంలో ఉన్నా. అక్కడ పొద్దున తొమ్మిదైతే మనకు రాత్రి ఎనిమిదిన్నర, కాబట్టి నిద్ర విషయం అడగొద్దు. జీతం మాత్రం నా బ్యాచ్ వాళ్ళకంటే బాగానే ఉంది. 20 దేశాల అధికార భాష అన్నా అది. కళ్ళు మూసుకుని పంపేయ్.

పాతపుస్తకం:
హోసూరురోడ్డు గారూ, మీరు చదివింది ఇంజనీరింగ్. భాష నేర్చుకున్నది సాయంత్రం క్లాసుల్లో. ఉద్యోగం తెచ్చింది డెలే సర్టిఫికెట్. మరి ఆ పిల్ల ఇన్నేళ్ళు పెట్టి డిగ్రీ ఎందుకు చదవాలి? మీ పోస్టే మీకు జవాబు. ఇంజనీరింగ్‌లో చేరి పక్కన స్పానిష్ నేర్చుకోమనండి, సరిపోతుంది.

గిరింపేట:
పాయింటే.

రిటైర్డ్_చరిత్ర:
నేను చిత్తూరులో డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి. స్పానిష్ అనగానే అందరూ బెంగళూరు జీతాలే చూస్తున్నారు. మన రాయలసీమకు స్పెయిన్‌తో ఉన్న బంధం ఎవరికీ గుర్తు రాలేదా? బార్సిలోనాలో పుట్టిన విసెంటె ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి, 2009లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. ఆయన పెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనంతపురం జిల్లాలో ఎన్ని ఊళ్ళకు బడులు, ఇళ్ళు, ఆసుపత్రులు ఇచ్చిందో ఆ పక్క బంధువులున్నవాళ్ళను అడగండి. స్పెయిన్‌లో దాతలు పిల్లల్ని దత్తత తీసుకున్నట్టు చదివిస్తారు. మధ్యలో ఉత్తరాలు అటూ ఇటూ నడవాలంటే భాష తెలిసినవాళ్ళు కావాలి కదా. ఇంకొకటి. మదనపల్లె మార్కెట్లో టమాటా, మన మెట్టచేలల్లో చెనక్కాయ, ఊరగాయలో మిరపకాయ, ఇవన్నీ కొలంబస్ 1492లో అట్లాంటిక్ దాటిన తర్వాత అమెరికా ఖండాల నుంచి బయటి ప్రపంచానికి వచ్చినవే. మనకు తెచ్చినవాళ్ళు ఎక్కువగా పోర్చుగీసువాళ్ళు, అది వేరే సంగతి. ఆ చరిత్రంతా స్పానిష్ కాగితాల్లో ఉంది. భాషతోపాటు సంస్కృతి చదవడమంటే అది.

పాతపుస్తకం:
సార్, చెనక్కాయ వేసే రైతుకు ఇంతవరకు స్పానిష్ అవసరం పడలేదు.

చెనక్కాయ:
నన్నెందుకు లాగుతారు సార్ మధ్యలోకి.

ఎస్వీ_హాస్టల్:
ఫోన్లో ట్రాన్స్‌లేట్ యాప్ ఉంది కదబ్బా. దీనికి డిగ్రీ యాడికి?

హోసూరురోడ్డు:
యాప్ సంగతి నేను చెప్తా వినండి. ఈమెయిళ్ళ వరకు మా టీంలో కూడా అదే వాడతారు, దాచేదేం లేదు. కానీ మొన్న ఒక కొత్త కుర్రాడు స్పెయిన్ ఇన్‌వాయిస్ మీద 1.250 చూసి ఒక యూరో పావు అనుకుని ఎంట్రీ వేశాడు. స్పెయిన్‌లో వేలు విడగొట్టడానికి చుక్క పెడతారు, పైసల ముందు కామా పెడతారు. అంటే అది పన్నెండు వందల యాభై. మెక్సికో వాళ్ళేమో మనలాగే రాస్తారు. రెండూ ఒకే భాష, పక్కపక్క ఫైళ్ళు. పేర్లూ అంతే. వాళ్ళకు రెండు ఇంటిపేర్లుంటాయి, తండ్రిది ముందు, తల్లిది తర్వాత. 1982లో నోబెల్ వచ్చిన గాబ్రియేల్ గార్సియా మార్కెస్‌ను లైబ్రరీలో గార్సియా దగ్గర వెతకాలి. మావాళ్ళు చివరి పేరే ఇంటిపేరు అనుకుని వెండర్లను తల్లి పేరు కింద ఎక్కించేశారు. ఒకే మనిషికి రెండు ఖాతాలు, రెండుసార్లు డబ్బు పోయింది. యాప్ ఇవన్నీ చెప్పదు. సంస్కృతి కలిపి చదివినవాళ్ళకు తెలుస్తాయి.

పాతపుస్తకం:
ఇంటిపేరు ఎటు ఉందో తెలుసుకోవడానికి బీఏ ఆనర్సా? అరగంట ట్రైనింగ్ ఇస్తే పోయేదానికి!

అలిపిరి_మెట్లు:
మనకూ ఇంటిపేరు ముందే కదా. తిరుమల రూం బుకింగ్‌లో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అడిగితే నేనిప్పటికీ తికమక పడతా.

రిటైర్డ్_చరిత్ర:
పోర్చుగీసు వాళ్ళకు మళ్ళీ తల్లి ఇంటిపేరే ముందు వస్తుంది. స్పెయిన్‌లో ఆడపిల్లలు పెళ్ళయినా ఇంటిపేరు మార్చుకోరు.

బైరాగిపట్టెడ_అక్క:
ఆ పద్ధతేదో బాగుంది. నా పాన్ కార్డు, ఆధార్ ఒక దారికి తెచ్చుకోవడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

మేనమామ_తిరుపతి:
అయ్యా, ఇంటిపేర్లు పక్కన పెట్టండి. ఉద్యోగం వస్తుందా రాదా?

హోసూరురోడ్డు:
వస్తుంది. బెంగళూరు, హైదరాబాద్ కంపెనీల్లో ఉన్నాయి. ఇంటర్నేషనల్ స్కూళ్ళలో స్పానిష్ టీచర్లను తీసుకుంటారు. మనకు దగ్గర్లో రాణిపేటలో ప్యారీవేర్ ఫ్యాక్టరీ చూడండి, అది ఇప్పుడు బార్సిలోనా కంపెనీ రోకాది. 2024 అక్టోబర్‌లో వడోదరలో సీ-295 విమానాల ఫ్యాక్టరీని మోదీ, స్పెయిన్ ప్రధాని సాంచెజ్ కలిసి ప్రారంభించారు. స్పెయిన్‌తో పని పెరుగుతోంది కానీ తగ్గడం లేదు.

పాతపుస్తకం:
రాణిపేటలో చేసేది సింకులు, కమోడ్లు. లోపల మాట్లాడేది తమిళం. వడోదరలో విమానం బిగించేవాడు ఇంజనీరు. అంటే మీరు చూపిస్తున్న రెండు ఫ్యాక్టరీలూ వాళ్ళ బావ మాటనే బలపరుస్తున్నాయి. ఈమెయిళ్ళు యాప్‌కే ఇచ్చేశామని మీరే చెప్పారు. ఆ పిల్ల బయటికొచ్చేసరికి ఫోన్ కాల్స్ మాత్రం మిగులుతాయని రాసిస్తారా?

హోసూరురోడ్డు:
సీఎస్‌ఈ చదివితే రాసిస్తారా? కోడ్ కూడా యాప్ రాస్తోంది. మూడు కోతలు చూశాను నేను, రోడ్డున పడ్డవాళ్ళలో మా ఇంజనీర్లే ఎక్కువ.

గిరింపేట:
ఇదీ పాయింటే.

రిటైర్డ్_చరిత్ర:
ఏ డిగ్రీ అయినా గ్రూప్-2 రాయొచ్చు, బ్యాంకు పరీక్షలు రాయొచ్చు. బీఏ అనగానే దారి మూసుకుపోయినట్టు మాట్లాడకండి. పైగా సెంట్రల్ యూనివర్సిటీ ఫీజు మేనేజ్‌మెంట్ కోటా ఇంజనీరింగ్ ముందు ఏపాటి?

పాతపుస్తకం:
దారులు నాకు చెప్పకండి సార్. బీఏ వాళ్ళకు ఎన్ని దారులున్నాయో చూసినవాణ్ణే.

హోసూరురోడ్డు:
ఏమబ్బా, పొద్దుటి నుంచి చూస్తున్నా. ఎవరేం చెప్పినా కొట్టిపారేయడమే. నీ కూతురా, నీ డబ్బా? నీకు స్పానిష్ మీద ఏం పగ? ఎవరో ఒకరు బాగుపడుతుంటే ఓర్వలేకపోతే ఇంట్లో కూర్చో.

ఎస్వీ_హాస్టల్:
పాప్‌కార్న్ ఎవరికన్నా కావాలా?

పాతపుస్తకం:
సరే చెప్తా. నేను తెలుగులో ఎం.ఏ. క్లాసులో రెండో ర్యాంకు. నెట్ పాసయ్యా. ఈ జిల్లాలోనే ఒక కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా గంటల లెక్కన చెప్పా. ఎండాకాలం సెలవులొస్తే జీతం లేదు. పరీక్షల డ్యూటీ మాత్రం ఉండేది. పెళ్ళిచూపులకు వెళ్తే "తెలుగా? మనకు వచ్చిందే కదా, దాన్నేం చదివారు?" అని పిల్ల తండ్రి నవ్వాడు, ఆ నవ్వు నాకింకా గుర్తుంది. సంస్కృతం యూనివర్సిటీలో ఆచార్య (ఎం.ఏ. లాంటిదే) చేసిన మా ఫ్రెండును "పురోహితం చేస్తావా?" అని అడిగారు. ఇప్పుడు నేను పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లో సంధులు, సమాసాలు బిట్లుగా చేసి అమ్ముతున్నా. ఇదే ఊరు, ఇవే నోళ్ళు, స్పానిష్ అనేసరికి "సంస్కృతి కలిపి చదవాలి" అంటున్నాయి. కావ్యం చదివినవాడు పనికిరాడు, ఇన్‌వాయిస్ చదివినవాడు సంస్కారవంతుడు!

బైరాగిపట్టెడ_అక్క:
అయ్యో తమ్ముడూ.

హోసూరురోడ్డు:
నీకు జరిగింది అన్యాయమే, కాదనను. అందుకని ఆ పిల్ల ఏం పాపం చేసింది? తెలుగుకు మార్కెట్ లేదు, స్పానిష్‌కు ఉంది. ఉన్నదాన్ని చదవమంటున్నా. ఇందులో కోపమెందుకు?

పాతపుస్తకం:
కోపం ఆ మాట మీదే. మార్కెట్ ఉంది కాబట్టి చదవాలి అన్నావు చూడు, ఆ లెక్క ఒప్పుకుంటే నేను చదివింది తప్పు అని నా చేత్తో నేను సంతకం పెట్టినట్టు. పెట్టను. ఆ డిగ్రీలో ఏముంటుందో నేనూ చూశా. మధ్యయుగం వీరగాథల దగ్గర మొదలుపెట్టి 'డాన్ కిహోటే' రాసిన సెర్వాంటెస్, 1936 అంతర్యుద్ధం, నియంత ఫ్రాంకో చనిపోయిన 1975 దాకా స్పెయిన్, ఆ తర్వాత లాటిన్ అమెరికా కవులు, నవలలు. మెక్సికో కవి ఆక్టావియో పాజ్ ఢిల్లీలో రాయబారిగా ఉండి, 1968లో తన దేశంలో విద్యార్థుల్ని కాల్చారని రాజీనామా చేశాడు. ఇలాంటివి చదవాలని పిల్ల వెళ్తోందా, వెళ్ళనీ. నేనే ముందు పంపమంటా. అలా కాదు, బీ2 రాగానే రెండో ఏడాదిలో వదిలేసి నైట్ షిఫ్టుకు ఎక్కేదైతే, సాయంత్రం క్లాసులు చాలు. సాహిత్యం మీద ఇష్టమున్న ఇంకో పిల్లకు ఆ సీటు పోనీ. మొదటి నుంచి నేను అడుగుతున్నది అదే. డిగ్రీ ఎందుకు అన్నాను, భాష ఎందుకు అనలేదు.

హోసూరురోడ్డు:
ఎందుకు వదిలేయకూడదు? అద్దె కట్టాల్సింది ఆ పిల్ల కదా. సాహిత్యం మీద ప్రేమ ఉందని ముందే ప్రమాణం చేసి చేరాలా? నేను బీ2కి కూర్చున్నప్పుడు నాకు ఒక్క కవి పేరు తెలియదు. ఇప్పుడు షిఫ్టు అయ్యాక క్యాబ్‌లో చిలీ కవి నెరూడాను చదువుకుంటున్నా. జీతం లేకపోతే ఆ పుస్తకం కొనేవాణ్ణే కాదు.

పాతపుస్తకం:
క్యాబ్‌లో చదివితే చదువు అయిపోదు.

హోసూరురోడ్డు:
క్లాసులో చదివి సంధులు అమ్ముకుంటే అయిపోతుందా?

రిటైర్డ్_చరిత్ర:
ఆ మాట వెనక్కి తీసుకో నాయనా. మర్యాద కాదు.

హోసూరురోడ్డు:
సార్, నన్ను ఇన్‌వాయిస్ గాడన్నప్పుడు మర్యాద ఎవరికీ గుర్తు రాలేదు.

మేనమామ_తిరుపతి:
మీరిద్దరూ కొట్టుకుంటుంటే ఇక్కడ ఇంట్లో ఇంకో సంగతి తేలింది. నిన్న రాత్రి ఈ పోస్టులు బావకు చదివి వినిపించా. జీతం గురించి రాసినవి విని ఊ కొట్టాడు. పెళ్ళిచూపుల సంగతి రాగానే లేచి కూర్చున్నాడు. "అదీ నా భయం. రేపు నలుగురూ మీ అమ్మాయి ఏం చదువుతోందంటే ఏం చెప్పుకోవాలి?" అన్నాడు. కొడుక్కి (మా మేనల్లుడికి) మేనేజ్‌మెంట్ కోటాలో కట్టినప్పుడు ఎవరికేం చెప్పుకోవాలని ఆలోచించలేదు కదా అని అక్క మొదటిసారి నోరు విప్పింది. ఆ తర్వాత చాలాసేపు జరిగింది, ఇక్కడ రాయను.

బైరాగిపట్టెడ_అక్క:
మీ అక్కకు నా నమస్కారం చెప్పండి. హాస్టల్ సంగతి కూడా కనుక్కోండి, అడ్మిషన్ వచ్చినా హాస్టల్ గది కొన్నిచోట్ల వెంటనే ఇవ్వరు. మా అమ్మాయికి మొదట్లో బయట పీజీలో ఉండాల్సి వచ్చింది.

పాతపుస్తకం:
మీ బావకు నా పేరు చెప్పి భయపెట్టాలని కాదు నేను రాసింది. పిల్లను ఒకటి అడగండి. స్పెయిన్ గురించి గానీ, లాటిన్ అమెరికా గురించి గానీ ఇంతవరకు తనంతట తాను ఏమైనా చదివిందా?

మేనమామ_తిరుపతి:
అడిగా. స్కూల్లో ఉన్నప్పుడు ఫుట్‌బాల్ మ్యాచ్‌ల కోసం మొదలుపెట్టిందట. ఇప్పుడు కామెంటరీ సగం అర్థమవుతుందంటోంది. కథలు కూడా కొన్ని చదివిందట, ఇంగ్లీషులోనే.

హోసూరురోడ్డు:
ఫుట్‌బాలా! చాలు, ఇంకేం కావాలి.

పాతపుస్తకం:
మెస్సీ కోసం మొదలుపెడితే మొదలుపెట్టనీ. తెలుగులో నేను చదివిన లాటిన్ అమెరికా కథలన్నీ ఇంగ్లీషు మీదుగా వచ్చినవే. నేరుగా స్పానిష్ నుంచి తెలుగు చేసే మనిషి ఈ జిల్లాలో ఒక్కరు తయారైనా నాకు సంతోషమే. దానికి ఆ పిల్లకు తెలుగు కూడా బాగా రావాలి. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ ఏం తీసుకుంది?

మేనమామ_తిరుపతి:
సంస్కృతం. మార్కుల కోసం.

పాతపుస్తకం:
అనుకున్నా.

గిరింపేట:
😂

మేనమామ_తిరుపతి:
బావ మెత్తబడ్డాడో, అక్కకు భయపడ్డాడో గానీ, చూసి వద్దాం పదమన్నాడు. వెంకటాద్రిలో టికెట్లు తీశా, ఆర్ఏసీ. ముగ్గురం వెళ్తున్నాం. అక్కడ ఆఫీసులో ఏమేం అడగాలో చెప్పండి.

హోసూరురోడ్డు:
ప్లేస్‌మెంట్లు ఎలా ఉన్నాయో అడుగు. సీనియర్లు ఏ కంపెనీల్లో చేరారో వాళ్ళనే పట్టుకుని అడుగు, ఆఫీసు మాట వద్దు. డెలే ఫీజు యూనివర్సిటీ కడుతుందా, మనమే కట్టుకోవాలా అది కూడా.

పాతపుస్తకం:
అనువాదం పేపరు ఏ సెమిస్టర్‌లో ఉందో, ఇంగ్లీషులోకేనా, తెలుగులోకి కూడా చేయనిస్తారా అడుగు. లైబ్రరీ లోపలికి వెళ్ళి స్పానిష్ బీరువాలు చూడమను పిల్లను. ప్లేస్‌మెంట్ల సంగతి చివర్లో అడగొచ్చు.

హోసూరురోడ్డు:
మొదట అడుగు అన్నా.