చర్చ: తుక్కు ఏరేవాళ్ళకు ప్లాస్టిక్ ట్రైనింగ్ పనికొచ్చేదా, ఫోటోల కోసమా?

శ్రావ్య_టీ: హైదరాబాద్ జవహర్‌నగర్ చెత్త డంప్‌యార్డ్ వైపు బస్తీల్లో ప్లాస్టిక్ ఏరి అమ్ముకునేవాళ్ళకు మూడు రోజుల ట్రైనింగ్ నడుపుతున్నాం. సీసా అడుగున త్రికోణంలో ఉండే, ప్లాస్టిక్ రకం చెప్పే నంబర్లు, ఏది దేనితో కలవకూడదు, గ్లౌజులు, సూది గుచ్చుకుంటే ఏం చేయాలి, తూకం ఎలా రాసుకోవాలి ఇవన్నీ చెప్తాం. చివర్లో సర్టిఫికెట్. పోయిన బ్యాచ్‌లో సగం మంది రెండో రోజే రాలేదు. ఇదంతా దండగ అని మా ఆఫీసులోనే ఒకాయన అంటున్నాడు. మీరేమంటారు?

కాటేదాన్_తుక్కు: దండగే మేడమ్. నా గోడౌన్‌లో ఏరే ఆడవాళ్ళకు కవర్ చేతికిస్తే చాలు. నలిపితే కరకరమంటే పీపీ, అంటే పాలీప్రొపిలీన్. చప్పుడు లేకుండా మెత్తగా ముడుచుకుంటే ఎల్‌డీ, అంటే పాల ప్యాకెట్ లాంటి మెత్తటి పాలిథిన్. అనుమానమొస్తే అంచుకు అగ్గిపుల్ల అంటించి వాసన చూస్తారు. మీ నంబర్లు చదవాలంటే ముందు చదువు రావాలి. అయినా సగం సీసాల మీద ఆ త్రికోణం అరిగిపోయి ఉంటుంది. వాళ్ళకు వచ్చిన పనినే వాళ్ళకు నేర్పి సర్టిఫికెట్ ఇవ్వడం ఎందుకు?

పాలిమర్_పంతులు: వాసన చూడటం గొప్పగా చెప్పుకునే విషయం కాదండీ. పైపులు చేసే పీవీసీ ప్లాస్టిక్ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ అనే విషవాయువు వస్తుంది, అది నేరుగా ఊపిరితిత్తుల్లోకే పోతుంది. ఒక బకెట్ నీళ్ళు చాలు. నీళ్ళ సీసాల ప్లాస్టిక్ పెట్ మునుగుతుంది, పీపీ, షాంపూ డబ్బాల లాంటి గట్టి పాలిథిన్ హెచ్‌డీ తేలతాయి.

కాటేదాన్_తుక్కు: పీవీసీ కూడా మునుగుతుంది కదా పంతులుగారూ. పెట్‌లో నాలుగు పీవీసీ ముక్కలు పడితే కరిగించే వేడికి అది మాడి లాట్ మొత్తం పసుపెక్కుతుంది. ఫ్యాక్టరీవాడు లోడు వెనక్కి పంపిస్తాడు, లారీ కిరాయి నా నెత్తిన. అక్కడ మీ బకెట్ ఏం చేస్తుంది?

పాలిమర్_పంతులు: రాగి తీగ ఎర్రగా కాల్చి ముక్కకు తాకించి, మళ్ళీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా వస్తే పీవీసీ.

కాటేదాన్_తుక్కు: ఇప్పుడే కదా కాల్చొద్దన్నారు!

పాలిమర్_పంతులు: తీగకు అంటుకున్నంత కాలడం వేరు, ముక్క అంటించి ముక్కు దగ్గర పెట్టుకోవడం వేరు. నేను చర్లపల్లిలో ప్లాస్టిక్స్ చదివినవాణ్ణి.

నల్లకుంట_నాని: ఆమె అడిగిందేంటి, మీరు కొట్టుకుంటున్నదేంటి?

డంప్‌యార్డ్_బిడ్డ: మా అమ్మ ఇరవై ఏళ్ళుగా ఏరుతోంది. ఆమె కూడా ఒక సంస్థవాళ్ళు పెట్టిన ట్రైనింగ్‌కు పోయింది. ఆధార్ జిరాక్స్ తీసుకున్నారు, ఆరెంజ్ కోటు వేసి ఫోటో దిగారు. గుర్తింపు కార్డు వస్తుందన్నారు, రాలేదు. సర్టిఫికెట్ పట్టుకుని ఒక కాలనీకి పోతే వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపి, మున్సిపల్ కార్డు ఉంటేనే లోపలికి అన్నాడు. పీపీ, ఎల్‌డీ తేడా మా అమ్మకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. చెత్త దగ్గరకు పోనివ్వకపోతే ఆ తెలివి ఏం చేసుకోవాలి?

శ్రావ్య_టీ: మీ అమ్మగారికి జరిగింది తప్పే. కానీ కార్డు అడిగే హక్కు ఇప్పుడుంది. 2016 ఘనవ్యర్థాల నిబంధనలు చెత్త ఏరేవాళ్ళను పేరు పెట్టి గుర్తించాయి. మురుగుకాలువల పనివాళ్ళ కోసం కేంద్రం పెట్టిన నమస్తే పథకంలోకి 2024లో వీళ్ళను కూడా తెచ్చారు. పేర్లు నమోదు చేసి రక్షణ కిట్లు, ఆయుష్మాన్ కార్డు ఇవ్వాలి. పుణెలో స్వచ్ఛ్ సహకార సంఘం చూడండి. ఏరేవాళ్ళే సభ్యులు, ఇంటింటికీ పోయి చెత్త తీసుకుంటారు, ఇంటివాళ్ళ దగ్గర రుసుము తీసుకుంటారు, వచ్చిన తుక్కు వాళ్ళదే.

కాటేదాన్_తుక్కు: పుణె సంగతి పుణెకు. ఇక్కడ 2015 నుంచి గడప దగ్గరకు చెత్త తీసుకెళ్ళే మున్సిపల్ స్వచ్ఛ ఆటో వస్తోంది. మంచి సీసా ఆటోలోనే పక్కకు పోతుంది, కింద మిగిలింది వీళ్ళకు.

ఆటో_యాదన్న: కిస్తీలు కట్టుకుని ఆటో నడిపేది మేము. డీజిల్ మాది, కంపు మాది. నాలుగు సీసాలు అమ్ముకుంటే నీకేం మంట అన్నా?

శ్రావ్య_టీ: కాటేదాన్ గారూ, ఒకటి అడుగుతాను. నంబర్ల క్లాసు, గ్లౌజుల క్లాసు అంటే మీకు నవ్వొస్తోంది. తూకం క్లాసు గురించి మాత్రం ఒక్క మాట మాట్లాడరు, ఎందుకు?

కాటేదాన్_తుక్కు: మాట్లాడతా. తడి సరుకని బస్తా తూకంలో కోత పెట్టేవాళ్ళు మోసగాళ్ళని క్లాసులో చెప్పింది మీవాళ్ళే కదా? ఆ తర్వాత నా దగ్గర అమ్మేవాళ్ళు ముగ్గురు సరుకు వేరే షాపులో వేశారు. పోనీ. వాళ్ళకు నేనిచ్చిన అడ్వాన్స్ సంగతేంటి? పిల్ల పెళ్ళికి, ఆస్పత్రికి, వానల్లో పని లేనప్పుడు పొయ్యి వెలగడానికి డబ్బులిచ్చింది నేను. మీ సర్టిఫికెట్ అప్పిస్తదా?

డంప్‌యార్డ్_బిడ్డ: ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది. ఆ అడ్వాన్స్ ఉన్నందుకే మా అమ్మ రాత్రి దాకా కూర్చుని మూతలు, లేబుళ్ళు తీసి, పెట్ వేరు, హెచ్‌డీ వేరు బస్తాలు కట్టి తెచ్చినా షాపాయన పుస్తకంలో ‘మిక్స్’ అనే రాస్తాడు. వేరే షాపుకు పోదామంటే బాకీ. ఏరడం రాక కాదు సార్, ఏరినదానికి రేటు ఇవ్వక.

కాటేదాన్_తుక్కు: రేటు నా ఇంట్లో పుడుతుందా? నేను ప్లాస్టిక్‌ను ముక్కలు చేసే గ్రైండింగ్ వాడికి వేస్తే డబ్బు నెల తర్వాత వస్తుంది. మీ అమ్మకు మాత్రం సాయంత్రానికి చేతిలో పడాలి. ఆ నెల రోజుల భారం ఎవరు మోస్తున్నారు?

శ్రావ్య_టీ: 2025-26 నుంచి గట్టి ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో 30 శాతం రీసైకిల్ సరుకు ఉండాలని నిబంధన పెట్టారు. శుభ్రంగా వేరుచేసిన పెట్‌కు గిరాకీ ఉంటుంది. పదిమంది కలిసి లాట్ కట్టి నేరుగా అమ్మితే? మధ్యలో డబ్బు ఆగే రోజులకు మేమే చిన్న నిధి పెడితే?

కాటేదాన్_తుక్కు: పెట్టండి. వసూలుకు పోయిన రోజు మీరూ నాలాగే మాట్లాడతారు.

పాలిమర్_పంతులు: నీళ్ళలో ఉప్పు బాగా కలిపితే వాడిపారేసే గట్టి కప్పుల ప్లాస్టిక్ పాలిస్టైరిన్ కూడా తేలుతుంది. పెట్, పీవీసీ అడుగునే ఉంటాయి. ఇది సిలబస్‌లో పెట్టండి.

నల్లకుంట_నాని: దండం పంతులుగారూ.

డంప్‌యార్డ్_బిడ్డ: శ్రావ్యక్కా, అమ్మ అడుగుతోంది. ట్రైనింగ్‌కు వచ్చిన రోజు కూలి ఇస్తారా?

శ్రావ్య_టీ: భత్యం ఉంది. మూడు రోజులూ పూర్తయ్యాక ఖాతాలో పడుతుంది.

డంప్‌యార్డ్_బిడ్డ: అయితే అమ్మ రాదు. నేనే వచ్చి తూకం క్లాసు వింటా.

కాటేదాన్_తుక్కు: అది ఏ రోజు మేడమ్? నా కాటా నేనే తెస్తా. తడి బస్తా మీరు తీసుకురండి, అందరి ముందూ తూద్దాం. ఎండబెట్టి మళ్ళీ తూద్దాం. కోత ఎంత ఉండాలో అప్పుడు మీరే చెప్పండి.