చెక్ ఇంజిన్ లైట్, పి0011 కోడ్: ఫేజర్ మార్చాల్సిందేనా?

పటమట కుర్రాడు
నమస్తే అందరికీ. నాది 1.2 లీటర్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 82,000 కిలోమీటర్లు తిరిగింది. నెల రోజులుగా సిగ్నల్ దగ్గర ఆగితే చాలు బండి మొత్తం వణుకుతోంది, బెంజ్ సర్కిల్ కింద రెండుసార్లు ఇంజిన్ ఆగిపోయింది కూడా, బండిలో అమ్మా పిల్లలూ ఉన్నారు, వెనక నుంచి ఒకటే హారన్లు, చెమటలు పట్టేశాయి. పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు రెండు మూడు సెకన్లు గరగరమని శబ్దం. మైలేజీ 16 నుంచి 13కి పడిపోయింది. మొన్న చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే స్కానర్ పెట్టించాను, పి0011 వచ్చింది. మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, ఏదీ విప్పకుండానే ఫేజరు (వాల్వులు తెరుచుకునే సమయాన్ని ముందుకూ వెనక్కూ జరిపే భాగం), టైమింగ్ చైను సెట్టు మొత్తం మార్చాలి, 28 వేలవుతుంది అన్నాడు. ఈ కోడ్ ఎవరికైనా వచ్చిందా? చాలా టెన్షన్‌గా ఉంది.

ఆటోనగర్ పాత చేయి
తమ్ముడూ, ఆ 28 వేలు ఇప్పుడే ఇవ్వకు. పి0011 అంటే ఇన్‌టేక్ కామ్ షాఫ్ట్ (గాలి లోపలికి వచ్చే వాల్వుల్ని తెరిచే ఇరుసు), కంప్యూటర్ అడిగిన దానికంటే ముందుకు జరిగి అక్కడే ఉండిపోతోందని అర్థం, అంతే. ఎందుకు ఉండిపోతోందో కోడ్ చెప్పదు. ఆ కామ్ చివర ఉండే ఫేజర్ తిరిగేది ఇంజిన్ ఆయిల్ ఒత్తిడితో. ఆయిల్ కంట్రోల్ వాల్వ్ అని కరెంటుతో పనిచేసే బొటనవేలంత సోలెనాయిడ్ ఒకటి ఉంటుంది, అది ఆయిల్‌ని ఫేజర్‌లో ఒక వైపుకో రెండో వైపుకో పంపుతుంది, దాన్నిబట్టి కామ్ ముందుకో వెనక్కో జరుగుతుంది. ఆ వాల్వులో మడ్డి చేరి ఇరుక్కుంటే ఫేజర్ బాగున్నా ఇదే కోడ్ వస్తుంది. ఐడ్లింగ్‌లో కామ్ ముందుకు జరిగి ఉంటే ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కాసేపు కలిసి తెరుచుకుని ఉంటాయి, కాలిన పొగ మళ్లీ లోపలికే వచ్చి కలుస్తుంది, నీ వణుకు అదే.

ముందు డిప్‌స్టిక్ తీసి చూడు. లెవెల్ ఎంత, రంగు ఏమిటి, ఆఖరిసారి ఎప్పుడు మార్చావు, ఏ గ్రేడు పోశారు, ఈ నాలుగూ రాయి.

బ్రాడీపేట 4వ లైను
గ్రేడు సంగతి నేను చెప్తాను, నాకు జరిగింది అదే. గుంటూరు ఎండలకి చిక్కటి ఆయిల్ అయితేనే ఇంజిన్ బతుకుతుందని ఒకాయన చెప్తే నమ్మి 20డబ్ల్యూ-50 పోయించాను. నా బండి మాన్యువల్‌లో ఉన్నది 5డబ్ల్యూ-30. ఆ సన్నటి దారుల్లోంచి చిక్కటి ఆయిల్ వెంటనే కదలదు కదండీ, డిసెంబర్ పొద్దునల్లో స్టార్ట్ చేయగానే లైట్ వెలిగేది, మధ్యాహ్నానికి బండి మామూలు అయిపోయేది, సెన్సార్ అనుకుని ఒక సెన్సార్ కూడా కొన్నాను, దండగ. చివరికి మాన్యువల్లో ఉన్న ఆయిలు, కొత్త ఫిల్టరు వేయిస్తే మూడో రోజు నుంచి లైట్ లేదు. రెండేళ్లయింది.

పటమట కుర్రాడు
అన్నా, చూశాను. లెవెల్ కింది గీత కన్నా తక్కువ ఉంది, రంగు నల్లగా తారులా. ఆఖరిసారి మార్చి 14,000 కిలోమీటర్లయింది, ఆఫీసు గొడవలో పడి వదిలేశాను. గ్రేడు మాత్రం మాన్యువల్లో ఉన్నదే.

ఆటోనగర్ పాత చేయి
సగం దొరికినట్టే. ముందు ఆయిలు, ఫిల్టరు మార్చు. ఫ్లష్ అని ఘాటైన మందు పోస్తామంటారు, వద్దు. పాత మడ్డి ఒక్కసారిగా ఊడి కింద సంప్‌లో (ఆయిల్ నిలిచే తొట్టిలో) ఉన్న జల్లెడకి అడ్డం పడితే మొత్తం ఇంజిన్‌కే ఆయిల్ అందదు, అలా పోయిన ఇంజిన్లు నా చేతుల మీదుగానే వెళ్లాయి. దానికి బదులు ఇప్పుడు మార్చి, 3,000 కిలోమీటర్లకి మళ్లీ మార్చు, మెల్లగా అదే శుభ్రమవుతుంది.

తర్వాత ఆ ఆయిల్ కంట్రోల్ వాల్వు కనెక్టర్ పీకి రెండు పిన్నుల మధ్య మల్టీమీటర్ పెట్టు. చాలా బండ్లలో చల్లగా ఉన్నప్పుడు 7 ఓమ్‌ల దగ్గర చూపిస్తుంది, నీ బండి లెక్క సర్వీస్ మాన్యువల్లో ఉంటుంది. ఏమీ చూపించకపోతే కాయిల్ తెగినట్టే, కానీ అప్పుడు మామూలుగా ఆ వాల్వు కరెంటు సర్క్యూట్‌లో తప్పుందని చెప్పే పి0010 వస్తుంది. బోల్టు విప్పి వాల్వు బయటికి తీసి బ్యాటరీ నుంచి 12 వోల్టులు ఇలా తగిలించి అలా తీసెయ్, లోపలి కడ్డీ టక్కుమని కదలాలి. ఎక్కువసేపు పట్టుకోకు, కాయిల్ కాలిపోతుంది. వాల్వుకున్న సన్న జాలీ చూడు. తిరిగి పెట్టేటప్పుడు ఓరింగ్ (రబ్బరు రింగు) కొత్తది వేయి, పాతదే పెడితే ఆయిల్ కారుతుంది.

మంగళగిరి నుంచి
అందరిదీ ఆయిల్‌తో పోదండీ, అది కూడా చెప్పాలి. నా బండి 1,30,000 తిరిగింది, నాకు వచ్చింది పి0016, అంటే పిస్టన్లు తిప్పే క్రాంక్‌కీ కామ్‌కీ లెక్క కుదరడం లేదని. పొద్దున శబ్దం రెండు సెకన్లతో ఆగేది కాదు, కాజా టోల్ దాటేదాకా వినిపించేది. నేను నాలుగు నెలలు వాల్వు క్లీనింగ్, ఆయిల్ మార్పిడి అంటూ తిరిగాను. కవర్ విప్పితే చైన్ సాగి, దాన్ని బిగువుగా పట్టే టెన్షనర్ చివరిదాకా బయటికి వచ్చేసి ఉంది. చైన్ పళ్ల మీంచి జారి ఉంటే వాల్వులు పిస్టన్‌కి తగిలే ప్రమాదం ఉండేదట, వింటేనే కాళ్లు వణికాయి. పి0016 వస్తే, శబ్దం ఆగకుండా వస్తే, బండి నడపకండి, టోయింగ్‌లో తీసుకెళ్లండి.

కృష్ణలంక
ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండు కామ్‌లకీ వీవీటీ (ఫేజర్‌తో వాల్వు టైమింగ్ మార్చే ఏర్పాటు) ఉన్న ఇంజిన్ అయితే ఒక తేలిక దారి ఉంది. ఇన్‌టేక్‌దీ ఎగ్జాస్ట్‌దీ ఆయిల్ కంట్రోల్ వాల్వులు ఒకే పార్ట్ నంబర్ అయితే ఒకదాని చోట ఒకటి పెట్టి కోడ్ చెరిపి నడపండి. పి0011 పోయి ఎగ్జాస్ట్ కామ్‌కి అలాంటి కోడే అయిన పి0014 వస్తే తప్పు వాల్వుదే. కోడ్ కదలకపోతే ఫేజరో, ఆయిల్ దారో, వైరింగో. నాకు పైసా ఖర్చు లేకుండా తేలింది.

పటమట కుర్రాడు
నాది ఇన్‌టేక్ ఒక్కటే, ఆ వీలు లేదు. ఆదివారం పొద్దున్నే మా బావతో కలిసి విప్పాను. మీటర్ 7.3 చూపించింది. 12 వోల్టులు ఇస్తే కడ్డీ సగం వరకు కదిలి ఆగింది, వదిలినా వెనక్కి రాలేదు. జాలీ నిండా నల్లటి పెచ్చులు. కార్బ్ క్లీనర్ కొట్టి కడిగితే కదిలింది కానీ నాలుగుసార్లలో ఒకసారి ఇరుక్కుంటోంది, అందుకే ఆటోనగర్‌లో కొత్తది తెచ్చాను, ఓరింగుతో కలిపి 2,600. ఆయిలు, ఫిల్టరు మార్చాను. సాయంత్రం వారధి మీదుగా గుంటూరు వెళ్లి వచ్చాను. మా బావ పక్కన కూర్చుని ఫోన్లో లైవ్ డేటా చూశాడు, కంప్యూటర్ అడిగిన డిగ్రీకీ కామ్ ఉన్న డిగ్రీకీ ఒకటి రెండుకి మించి తేడా లేదు, మునుపు ఐడ్లింగ్‌లో 20 చూపించేది. సిగ్నల్ దగ్గర వణుకు అసలు లేదు. అన్నా, మీకు ఎంత థాంక్స్ చెప్పినా తక్కువే.

ఒక్క సందేహం. పొద్దున గరగర ఇంకా ఒక సెకను వస్తోంది.

ఆటోనగర్ పాత చేయి
ఇంజిన్ ఆపినప్పుడు ఫేజర్‌ని కదలకుండా పట్టుకునే పిన్ను ఒకటి ఉంటుంది, ఇన్నాళ్లు మురికి ఆయిల్‌తో అది కాస్త అరిగి ఉంటుంది. ఆయిల్ పైకి ఎక్కేదాకా కొట్టుకుంటుంది. రెండో ఆయిల్ మార్పిడి తర్వాత రాత్రంతా ఆపి పొద్దున స్టార్ట్ చేసేటప్పుడు బానెట్ తెరిచి వీడియో తీసి ఇక్కడ పెట్టు, విని చెప్తాను.